రంగులు, నిద్ర, మనసు నెమ్మది



ఒక వేసవిలో రాజోలు వైపు లంక గ్రామం నుంచి ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చారు. తన బి.పి. చూపించుకుని, మాత్రల చీటీ తీసుకున్న తరువాత కూడా కుర్చీలోంచి లేవలేదు. "మా అమ్మాయి కువైట్ నించి ఇంటికి రంగులేయించమని డబ్బులు పంపిందండి. పడకగదికి నీలం ఏయిస్తే నిద్దర బాగా పడుద్దని ఎవరో చెప్పేరండి. మా ఆయనకి మూడు నెలల్నించీ నిద్దర లేదు. అది నిజమేనంటారా అండీ?" అని అడిగారు.

ఆ రోజు బయట చాలామంది వేచి ఉన్నారు. "వేయించుకోండమ్మా, నష్టమేమీ లేదు" అని చెప్పి పంపించాం. ఆ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో చివరలో చెబుతాం. ఆమె అడిగిన ప్రశ్నే వేరు వేరు రూపాల్లో చాలామంది అడుగుతున్నారు. ఏ రంగు చీర కడితే చిరాకు తగ్గుతుంది, పిల్లల గదికి ఏ రంగు మంచిది, రంగు సీసాలో పోసి ఎండలో పెట్టిన నీళ్ళు తాగవచ్చా అని. అందుచేత ఈసారి ఈ విషయం వివరంగా రాస్తున్నాం.

కంటికి ఉన్న రెండో పని

కన్ను చూడడానికే అనుకుంటాం. కంటి లోపల వెనుకవైపు రెటీనా అనే పలుచని పొర ఉంది. అందులో ఒక రకం కణాలు మసక వెలుతురులో ఆకారాలను పట్టుకుంటాయి. ఇంకొక రకం కణాలు పగటి వెలుతురులో రంగులను పట్టుకుంటాయి. ఈ రెండూ చాలాకాలంగా తెలిసినవే. 2002లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడో రకం కణాలు వెలుతురును నేరుగా గుర్తిస్తాయని చూపించారు. ఈ కణాల ముఖ్యమైన పని మనకు వస్తువులను చూపించడం కాదు, ఇప్పుడు పగలా రాత్రా అన్న కబురు మెదడుకు అందించడం.

ఈ కణాలు నీలి వెలుతురుకు అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తాయి. పగటి ఆకాశంలో అది దండిగా ఉంటుంది. నీలి వెలుతురు కంట్లో పడినంతసేపూ మెదడు "ఇంకా పగలే" అనుకుంటుంది. చీకటి పడినప్పుడు మెదడులోని ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. నిద్రవేళ అయిందని శరీరానికి చెప్పేది అదే. రాత్రిపూట తెల్లగా, నీలంగా మెరిసే దీపాల ముందు కూర్చుంటే ఆ హార్మోను రావడం ఆలస్యమవుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నీలి గోడ వేరు, నీలి వెలుతురు వేరు. గోడకు సొంత వెలుతురు లేదు. దీపం ఆర్పిన తరువాత గోడ నీలమైనా గులాబీ అయినా ఒకటే నలుపు. కాబట్టి నిద్ర పట్టనివారు గోడకంటే ముందు పైకి చూడాలి, అంటే దీపం వైపు.

రాత్రి దీపాలు

మన పెద్దవాళ్ళు కిరసనాయిలు లాంతరు వెలుతురులో భోజనం చేసి పడుకున్నారు. ఆ వెలుతురు పసుపు, నారింజ కలిసిన రంగు. తరువాత వచ్చిన పాతరకం ఫిలమెంటు బల్బు కూడా పసుపు పచ్చనిదే. ఆ తరువాత ట్యూబులైటు, దాని వెనుక ఎల్‌ఈడీ బల్బు వచ్చాయి. కరెంటు బిల్లు తగ్గింది, మంచిదే. అయితే మన ఊళ్ళలో ఎక్కువమంది తెల్లగా ఉన్నదే మంచి వెలుతురు అనుకుని, పడకగదికి కూడా బాగా తెల్లని బల్బే అడిగి కొంటున్నారు.

ఈసారి బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద చూడండి. 6500 అనే అంకె, దాని పక్కన కె అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది నీలం ఎక్కువగా ఉన్న తెల్లని వెలుతురు. వంటగదికి, పిల్లలు చదువుకునే బల్లకు, కుట్టుమిషను దగ్గరకు బాగుంటుంది. 2700 లేక 3000 అని ఉంటే అది పాత బల్బులాంటి పసుపు వెలుతురు. పడకగదికి, రాత్రి భోజనాల తరువాత కూర్చునే వరండాకు ఇది సరిపోతుంది. గోడలకు రంగు వేయించడంతో పోలిస్తే బల్బు మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ముందు ఇది చేసి చూడండి.

జీరో బల్బు సంగతి కూడా చెప్పాలి. చాలా ఇళ్ళలో రాత్రంతా నీలం జీరో బల్బు వెలుగుతూ ఉంటుంది, చల్లగా ఉంటుందని. కంటికి చల్లగా తోచిన మాట నిజమే కావచ్చు, కానీ మెదడుకు పగలని చెప్పే రంగు అదే. అంత చిన్న బల్బుతో పెద్ద నష్టం లేదు. అయినా చీకట్లో పడుకోగలిగినవారు అసలు దీపం లేకుండా పడుకోవడం మేలు. ముసలివారు రాత్రి లేచి తడుముకుంటూ పడిపోయే ప్రమాదం ఉన్న ఇంట్లో మాత్రం దీపం ఉండాలి. తుంటి ఎముక విరగడం కంటే నిద్ర కాస్త చెడడం నయం. అలాంటి చోట ఎరుపు లేక నారింజ రంగు చిన్న బల్బును మంచం ఎత్తుకంటే కిందగా, నడిచే దారి కనబడేటట్టు పెట్టండి.

ఫోను మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తి కాదు. కోనసీమలో కువైట్‌కో, దుబాయికో, మస్కట్‌కో ఎవరూ వెళ్ళని వీధి అరుదు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ ఇంటిపని ముగించుకుని కూతురు రాత్రి పది గంటలకు ఫోను చేస్తే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. తల్లిదండ్రులు ఆ సమయానికి మేలుకుని కూర్చుంటారు. మానేయమని మేము చెప్పం, ఆ పిల్ల గొంతు వినడం కూడా ఆరోగ్యమే. అయితే గదిలో పెద్ద దీపం వేయవద్దు. ఫోను తెర వెలుతురు తగ్గించుకోండి. ముఖం చూసి మాట్లాడే కాల్ సెలవు రోజున పగలు పెట్టుకుని, మిగతా రోజుల్లో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మాట్లాడడం అయిపోయాక వీడియోలు చూస్తూ ఉండిపోవద్దు. తెరను పసుపుగా మార్చే సదుపాయం ఇప్పుడు ఫోన్లలో ఉంది. వాడుకోవచ్చు, కానీ దాని ఒక్కదానివల్ల నిద్ర బాగుపడుతుందని ఆశపెట్టుకోవద్దు. తెర రంగుతో పాటు అందులో చూసే విషయం కూడా మనిషిని మేలుకునేలా చేస్తుంది.

రాత్రి చీకటి ఎంత అవసరమో ఉదయం వెలుతురు అంతే అవసరం. కొబ్బరి చెట్టు నీడలో నిలబడినా ఇంట్లో ట్యూబులైటు కింద ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు కంటికి అందుతుంది. లేచిన గంటలోపు అరగంట సేపు కాలువగట్టు మీద నడిచినవారికి రాత్రి నిద్ర వేళకు వస్తుంది. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు. ఊరకే బయట ఉంటే చాలు.

గోడల రంగు

ఇక గోడల దగ్గరకు వద్దాం. పూర్వం మన ఇళ్ళకు సున్నమే రంగు. అందులో కాస్త నీలిమందు కలిపేవారు, పసుపుదనం పోయి తెల్లగా కనబడడానికి. చేయి ఎక్కువైతే గోడ లేత నీలంగా తేలేది. ఆ గోడలకు మెరుపు లేదు. దీపం వెలుతురు వాటి మీద పడి కంట్లోకి తిరిగి కొట్టదు. ఇప్పుడు పడకగదికి కూడా నిగనిగలాడే రంగు వేయించి, దాని మీద తెల్లని ట్యూబులైటు బిగిస్తున్నాం. తలనొప్పి ఉన్నవారికి, ముఖ్యంగా ఒంటిచెంప నొప్పి ఉన్నవారికి ఆ మెరుపు పడదు.

ఏ రంగు అన్నదానికంటే ఎంత గాఢం అన్నది మనసు మీద ఎక్కువ పనిచేస్తుందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. గాఢమైన రంగు, అది ఎరుపైనా నీలమైనా, మనిషిని కొంత ఉత్సాహపరుస్తుంది. లేత రంగు అంతగా కదిలించదు. అందుకని పడుకునే గదికి లేత రంగు, మెరుపు లేని రకం తీసుకుంటే, అది నీలమా ఆకుపచ్చా మీగడ రంగా అన్నది మీ ఇష్టం. చాలా దేశాల్లో ఇష్టమైన రంగు ఏదని అడిగితే ఎక్కువమంది నీలం అనే చెబుతారు. కాబట్టి ఆ తల్లికి సలహా చెప్పినవారిదీ పూర్తిగా తప్పు కాదు.

ఒక రంగుకు మందులాంటి శక్తి ఉందని నమ్మి మోసపోయిన కథ ఒకటి ఉంది. 1979లో అమెరికాలోని సియాటిల్ నగరంలో నౌకాదళ జైలు గది ఒకదానికి గులాబీ రంగు వేశారు. ఆ గదిలో పెట్టిన ఖైదీలు నిమిషాల్లో శాంతిస్తున్నారని ప్రచారం జరిగింది. ఆ జైలు అధికారులిద్దరి పేర్లతో ఆ గులాబీకి బేకర్-మిల్లర్ పింక్ అని పేరు కూడా వచ్చింది. ఎన్నో జైళ్ళు ఆ రంగు కొనుక్కున్నాయి. స్విట్జర్లాండులోని ఒక జైలులో గులాబీ గదులను, మామూలు గదులను జాగ్రత్తగా పోల్చి చూసి, ఖైదీల కోపంలో తేడా ఏమీ లేదని 2015లో ప్రచురించారు. మొదటిసారి ఖైదీలు శాంతించడానికి కొత్త గది, తమను ఎవరో గమనిస్తున్నారన్న ఎరుక కారణమై ఉండవచ్చు.

రంగులు వేయించేటప్పుడు ఇంకొక జాగ్రత్త. పాత ఇళ్ళ తలుపులకు, కిటికీ ఊచలకు వేసిన పాత పెయింటులో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. గీకే రోజున పిల్లలను, గర్భిణులను ఆ ఇంట్లో ఉంచకండి. తడిపి గీకించండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ళకు వాడే పెయింటులో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదని చట్టం. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనండి.

పచ్చదనం

ఆపరేషను గదిలో డాక్టర్లు పచ్చ బట్టలు ఎందుకు వేసుకుంటారని రోగి బంధువులు అప్పుడప్పుడు మమ్మల్ని అడుగుతారు. ఒకప్పుడు అక్కడా అంతా తెలుపే. గంటలకొద్దీ ఎర్రని రక్తం వైపు చూసిన కన్ను తెల్లని గుడ్డ వైపు తిరిగితే, దాని మీద ఆకుపచ్చ మచ్చలు తేలినట్టు కనబడుతుంది. ఎర్రని పువ్వును అర నిమిషం తదేకంగా చూసి, తరువాత తెల్ల కాగితం చూడండి, మీకూ కనబడుతుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడు తన ఆపరేషను గదికి పాలకూర ఆకులాంటి పచ్చ రంగు వేయించాడు. తెల్లని మెరుపు తగ్గింది, కళ్ళు అలసిపోవడం తగ్గింది. తరువాత ఎన్నో ఆసుపత్రులు ఆ దారిలో నడిచాయి.

నర్సులందరికీ గురువైన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన పుస్తకంలో రోగి కంటికి రంగులు, పువ్వులు, కిటికీ అవసరమని గట్టిగా రాశారు. నాలుగు గోడలే చూస్తూ పడుకున్న రోగి శరీరం కూడా కుంగిపోతుందని ఆమె గమనించారు. ఆ మాటకు లెక్క దొరకడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించారు. వారిలో సగంమందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి. మిగతా సగంమందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవారు సగటున ముక్కాలు రోజు ముందు ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు తక్కువ అడిగారు. 1984లో ఇది ప్రచురితమైంది. 46 మంది తక్కువే కాబట్టి అదే తుది మాట అనలేం. కానీ మంచం పక్కన కూర్చునే సిస్టర్లు ఆ మాట నమ్మడానికి లెక్కల కోసం ఆగలేదు.

మన ప్రాంతంలో ఆ మందు ఉచితం. గౌతమికి వశిష్ఠకు నడుమ ఉన్న ఈ నేలలో ఏ కిటికీ తెరిచినా కొబ్బరాకు కనబడుతుంది. అయినా మంచాన పడిన పెద్దవారిని చాలా ఇళ్ళలో వెనుకగదిలో, కిటికీ మూసి, తల గోడవైపు పెట్టి పడుకోబెడుతున్నాం. మేము ఇళ్ళకు వెళ్ళి చూసినప్పుడు మొట్టమొదట చెప్పేది మంచం తిప్పమని. తల ఎత్తకుండానే చెట్టో, కాలువో, పెరటిలోని అరటి పిలకో కనబడాలి. కిటికీ లేకపోతే కడియం నర్సరీలనుంచి తెచ్చిన ఒక కుండీ మొక్కను కంటి ఎదురుగా పెట్టండి, దోమలు పెరగకుండా కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. 23వ కీర్తనలో కాపరి తన గొర్రెలను ఎలాంటి చోట పడుకోబెడతాడో మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

ఆ పచ్చదనం పోతే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలకొద్దీ కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఆ తరం వారు నష్టం గురించి చెప్పేటప్పుడు డబ్బుతో పాటు, తెల్లవారి లేచి చూస్తే తమ ఊరు తమకే గుర్తు పట్టలేకుండా పోయిందని చెబుతారు. చెట్టు మళ్ళీ నాటి కాపు చూడడానికి ఏళ్ళు పట్టింది. కొంతమందికి నిద్ర మళ్ళీ రావడానికీ అంతే కాలం పట్టింది.

ఒకే రంగు, వేరు వేరు జ్ఞాపకాలు

ఏ పుస్తకమైనా నారింజ రంగు ఉత్సాహం, తెలుపు ప్రశాంతం అని పట్టీ రాసి ఇస్తే దాన్ని అంతగా నమ్మకండి. 1995 జనవరి 8న రాజోలు దగ్గర పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి మంట లేచింది. 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళకు ఆ రెండు నెలలూ రాత్రి రాత్రిలా లేదు. అదే మండలంలోని నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా మరణించారు. ఇళ్ళతో పాటు కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. ఆ రోజులు చూసినవారికి సాయంకాలపు ఎర్రని ఆకాశం కూడా ఒక్కొక్కప్పుడు గుండె దడ తెప్పిస్తుంది. అది బలహీనత కాదు. మెదడు ఆ రంగును ప్రమాదంతో ముడివేసి దాచుకుంది, అంతే.

తెలుపు సంగతి చూడండి. మన సంఘంలో పెళ్ళికూతురు తెల్ల చీర కట్టుకుని గుడిలోకి నడుస్తుంది. పక్క వీధిలో ఇంకొక అమ్మకు తెల్ల చీర అంటే భర్త పోయిన రోజు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల బలిపీఠం మీద శ్రమకాలంలో ఊదా వస్త్రం, పునరుత్థాన పండుగకు తెల్ల వస్త్రం, పెంతెకొస్తు తరువాత నెలల తరబడి ఆకుపచ్చ వస్త్రం పరుస్తారు. చిన్నప్పటినుంచి ఆ వస్త్రాలు చూసినవారికి ఆకుపచ్చ అంటే పండుగలు లేని నిదానమైన రోజులు గుర్తుకు వస్తాయి. అలా చూడనివారికి ఆ ఊహ రాదు. కాబట్టి మీకు నెమ్మది ఇచ్చే రంగు ఏదో మీరే గుర్తు తెచ్చుకోవాలి. అమ్మమ్మగారింటి తలుపు రంగు కావచ్చు, బండారులంక నేత చీర ఒకదాని అంచు కావచ్చు. రోగిని చూడడానికి వెళ్ళేవారు ఆ మనిషికి ఇష్టమైన రంగు దుప్పటి తీసుకువెళితే, యాపిల్ పళ్ళకంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది.

రంగు సీసాల నీళ్ళు

నీలం సీసాలోనో ఎర్ర సీసాలోనో నీళ్ళు పోసి ఎండలో పెట్టి తాగితే జబ్బులు తగ్గుతాయని కొందరు చెబుతున్నారు. శుభ్రమైన నీళ్ళైతే తాగడంవల్ల హాని లేదు, రోగం మాత్రం తగ్గదు. ఆ నీళ్ళను నమ్ముకుని మందు మానేసినప్పుడు హాని మొదలవుతుంది. 1873లో బొంబాయిలో పుట్టి అమెరికా వెళ్ళిన దిన్షా ఘడియాలీ అనే ఆయన 1920లో రంగు అద్దాలు బిగించిన దీపపు పెట్టె ఒకటి తయారుచేసి, అన్ని రోగాలకూ అదే వైద్యమని అమ్మాడు. అది నమ్మి ఇన్సులిను మానేసిన షుగరు రోగులు చనిపోయారని విచారణలో బయటపడింది. 1947లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. షుగరు, బి.పి., మూర్ఛ, మానసిక జబ్బులకు వాడే మందులను ఏ రంగు మాట విన్నా మీ అంతట మీరు ఆపవద్దు.

రంగు వెలుతురు నిజంగా మందుగా పనిచేసే చోటు ఒకటుంది, అది పసిపిల్లల పచ్చకామెర్లు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డును చూసే సిస్టర్ వార్డ్ గారు పిల్లలను కాసేపు ఎండలోకి తీసుకువెళ్ళేవారు. ఒక బిడ్డ ఒంటి మీద గుడ్డ కప్పి ఉన్న చోట మాత్రం పసుపు మిగిలి, ఎండ తగిలిన చోట పోయిందని ఆమె డాక్టర్లకు చూపించారు. అక్కడినుంచి వచ్చిందే ఇప్పుడు ఆసుపత్రుల్లో బిడ్డను పడుకోబెట్టే నీలి దీపాల వైద్యం. అయితే దీన్ని విని ఇంట్లోనే ఎండలో పెడతామనుకోకండి. పుట్టిన మొదటి రోజే పసుపు కనబడినా, అరచేతులకు అరికాళ్ళకు పాకినా, బిడ్డ పాలు తాగక మత్తుగా ఉన్నా ఆ గంటలోనే బయలుదేరి రండి. ఆలస్యమైతే ఆ పసుపు మెదడుకు చేరి జీవితాంతం ఉండే నష్టం చేస్తుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి

కారణం లేకుండా భయం ముంచుకువచ్చే అలవాటు ఉన్నవారికి మా కౌన్సిలరు ఒక చిన్న పని నేర్పిస్తారు. ఉన్నచోటే కూర్చుని, కంటికి కనబడే ఆకుపచ్చ వస్తువులు ఐదు వెతకాలి. ఒక్కొక్కదాని పేరు పైకి అనాలి. కొబ్బరాకు, తలుపు కర్టెను, బస్సు టిక్కెట్టు, ఏదైనా సరే. తరువాత ఐదు నీలం వస్తువులు. ఊపిరి నిదానంగా వదులుతూ చేయాలి. మనసు భయంలోంచి కళ్ళ ఎదుట ఉన్న చోటికి తిరిగి వస్తుంది. ఇందులో ఆకుపచ్చకు మహిమ ఏమీ లేదు, వెతకడంలోనే ఉపయోగం. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రుల్లో పిల్లలతో దీన్ని ఆటలా ఆడించవచ్చు. కానీ గుండెలో బరువు, ఎడమచేతికి లేక దవడకు పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే రంగులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి రావాలి.

పిల్లలకు రంగు పెన్సిళ్ళు ఇవ్వండి, కానీ ఏ బొమ్మ వేయాలో చెప్పకండి. వరద చూసిన పిల్లవాడు వరదే వేస్తాడు, వేయనివ్వండి. పెద్దవారికి పూలమొక్కలు, అల్లిక, ముగ్గు, ఏది చేతికి అలవాటైతే అది.

వయసు మళ్ళినవారు రంగులన్నీ వెలిసిపోయినట్టు, గోధుమరంగు తెర వేసినట్టు కనబడుతున్నాయంటే దాన్ని మనోవ్యాకులత అనుకుని వదిలేయకండి. కంటిలో శుక్లం ముదురుతూ ఉండవచ్చు. ఆపరేషను అయిన మరునాడు తన చీర ఇంత నీలమని తెలియదని ఆశ్చర్యపోయే అమ్మమ్మలను మేము తరచుగా చూస్తాం.

రంగు చాలని చోట

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. ఆ తల్లి పడకగదికి నీలం వేయించారు. రెండు నెలల తరువాత గాఢంగా ఉందని లేత నీలం వేయించారు, మళ్ళీ కూతురు పంపిన డబ్బుతోనే. ఆయనకు నిద్ర రాలేదు. దీపావళి దాటాక ఒక రోజు పొలం గట్టున పురుగుమందు డబ్బా పట్టుకుని కూర్చుని ఉంటే తమ్ముడి వరసైన ఒకాయన చూసి, మాటల్లో పెట్టి, అటునుంచి అటే మా దగ్గరకు తీసుకువచ్చారు. దేవుని కృప, డబ్బా మూత తీయలేదు. కూర్చోబెట్టి అడిగితే అన్నీ చెప్పారు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ, అన్నం సహించకపోవడం, కూతురి సంపాదన తింటున్నానన్న బాధ, గుడికి వెళ్ళడం మానేయడం. ఇదంతా వేసవిలోనే ఉంది. ఆయన భార్య అడిగిన రంగు ప్రశ్నలో ఇది దాగి ఉందని మేము గ్రహించలేదు. "ఆయన్ని ఒకసారి తీసుకురండమ్మా" అన్న ఒక్క మాట ఆ రోజు చెప్పి ఉండవలసింది.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, తాను భారమైపోయానన్న మాట, బతకాలని లేదన్న మాట వినబడితే, అది జబ్బు. ప్రార్థన చేయండి, మందు కూడా ఇప్పించండి. ఈ రెండింటికీ పోటీ లేదు. దిగులుకు వాడే మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తే గాని గుణం చూపవు, మధ్యలో ఆపకూడదు. ఇంట్లో పురుగుమందులు ఉంటే తాళం వేసి, తాళంచెవి వేరేవారి దగ్గర ఉంచండి. రాత్రివేళ ఆసుపత్రికి రాలేని స్థితిలో 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆయన ఇప్పుడు నెలకొకసారి వస్తున్నారు. ఆరు గంటల నిద్ర పడుతోంది. గదిలో ట్యూబులైటు తీసి పసుపు బల్బు పెట్టించారు, మంచాన్ని కిటికీవైపు తిప్పారు. గోడకు మళ్ళీ రంగు వేయించలేదు. ఈ మాటలు పేరు లేకుండా పత్రికలో రాయవచ్చునని దంపతులిద్దరూ అనుమతి ఇచ్చారు.

నిద్ర గురించి, దిగులు గురించి చూపించుకోవడానికి వచ్చేవారు ఇంట్లో ఒకరిని వెంట తీసుకుని, వాడుతున్న మాత్రలన్నీ, ఆకు మందులతో సహా, ఒక సంచిలో వేసుకుని రాగలరు.